తొమ్మిదో నెంబరు సీసా

మూడోసారి కూడా సిప్రియన్ వేసాద్ ఉమ్మేశాడు. రంపపు పొట్టు పోసిన డబ్బాలో ఉమ్ము పడ్డచోట ఎర్రటి గుంట ఏర్పడింది. రొట్టె ముక్క నమిలి, నీళ్ళు పుక్కిలించి, గ్లాసును మళ్ళీ కిటికీ వెలుగుకు ఎత్తాడు.

తొమ్మిదో నెంబరు.

బల్ల మీద ఆ మంగళవారానికి పద్నాలుగు సీసాలున్నాయి. అన్నిటికీ మెడదాకా నల్లగుడ్డ సంచులు తొడిగి, మెడలో నెంబరు బిళ్ళ కట్టారు. రుజియేర్ లోయలో ద్రాక్ష పండించే ప్రతి ఇంటి వైనూ మార్చిలో ఈ బల్ల మీదకి రావలసిందే. బల్ల చుట్టూ కూర్చున్న అయిదుగురిలో ముగ్గురు సరేనంటేనే సీసా మీద లోయ పేరు అచ్చు పడుతుంది. లేదంటే అది ఊరూ పేరూ లేని ఎర్ర వైన్.

రంగుకి వంక పెట్టడానికి లేదు. అంచున ఊదా ఛాయ ఉన్న చిక్కటి ఎరుపు. వాసన దగ్గరే సిప్రియన్ ముక్కు ఆగింది. తుప్పు పట్టిన ఇనుము, పచ్చి మిరపకాయ తొడిమ, వానకి తడిసిన ఎర్రమట్టి. నోట్లో పోసుకుంటే పులుపు రెండు చెంపల్నీ లోపలికి లాగేసింది. దాని వెనకాలే వగరు వచ్చి చిగుళ్ళ మీద కూర్చుంది. ఎన్ని నీళ్ళు పుక్కిలించినా లేవనంది.

ఆయన కోటు జేబులోంచి పెన్సిల్ తీశాడు. బొటనవేలంత మిగిలిన వడ్రంగి పెన్సిల్. వెనక భాగమంతా పంటిగాట్లు. తీగ కత్తిరించే కత్తితోనే దాన్ని చెక్కుతాడు. ఈ లోయకి పేరు వచ్చిన మొదటి ఏడు, ఇదే గదిలో, ఇదే కుర్చీలో కూర్చుని దీంతోనే మొదటి మాట రాశాడు.

"కాస్త ఆగి చూద్దామా, వేసాద్ గారూ?" అంది మోరెల్. ఆమె ప్రయోగశాల నుంచి వచ్చే పిల్ల. ముప్పై ఏళ్ళుంటాయి. రుచి చూడడం చదువుకుని వచ్చింది. "గాలి తగిలితే మారుతుందేమో."

"మారదమ్మా. గాలి తగిలినా మొరటువాడు మొరటువాడే."

మిగతా ముగ్గురూ నవ్వారు. సిప్రియన్ నవ్వలేదు. పట్నం హోటళ్ళలో ఈ లోయ పేరు చదివి సీసా తెప్పించుకునేవాడు ఇది తాగితే ఏమనుకుంటాడు? పేరు రావడానికి ఎన్ని ఆఫీసుల మెట్లెక్కితే వచ్చింది! కాగితం మీదకి వంగి, నొక్కి రాశాడు.

పులుపు. మొరటు. ఈ లోయ పేరుకు తగదు.

అంతదాకా గాల్లో ఆగివున్న పక్కవాళ్ళ పెన్సిళ్ళు ఆయన పెన్సిల్ ఆగగానే కదిలాయి. మోరెల్ అది చూసింది. పదో నెంబరు సీసా ముందుకు జరిపింది.

*

ఎండుచేపల్ని రంపంతో కోయాలి. కత్తికి లొంగవు, గొడ్డలి వేస్తే పేలికలవుతాయి. శుక్రవారం పొద్దున ఊరి చాకిరేవు దగ్గర ఉర్బేన్ ఒక చేపని మోకాలి కింద అదిమిపెట్టి కోస్తున్నాడు. మూరెడు పొడుగు, కట్టెలాంటి చేప. పొట్టు సన్నగా రాలుతోంది. రాతి తొట్టెల్లో ఆపాటికే నాలుగు రోజులుగా నానుతున్న ముక్కలు తెల్లబడి ఉబ్బుతున్నాయి. ఇప్పుడు కోసేవి ఈస్టరుకి. జెలీ బెస్సియేర్ రబ్బరు బూట్లతో తొట్టెలోకి దిగి, ముక్కల్ని ఒక్కొక్కటే తిరగేసి, తూము మూత ఎత్తి వాగు నీళ్ళు కొత్తగా వదులుతోంది. ఆదివారం ఊరంతా కూర్చుని తినే ఎస్తొఫీ, ఈ ఎండుచేపతో దుంపలు కలిపి చేసే వంట, ఆమెది. పదకొండేళ్ళుగా ఆమెదే.

సిప్రియన్ తన రంపం తెచ్చుకుని ఇంకో చేప అందుకున్నాడు. తినేవాడు కోయాలి, అది ఊరి కట్టు.

"నిరుడు మా బావమరిది ఏం చేశాడో తెలుసా?" అన్నాడు ఉర్బేన్. "వాగుదాకా ఎవరు పోతారని చేపని మరుగుదొడ్డి ఫ్లష్ తొట్టెలో నానబెట్టాడు. గొలుసు లాగినప్పుడల్లా కొత్త నీళ్ళు వస్తాయి కదా అని."

"ఛీ. తిన్నావా?"

"రెండోసారి పెట్టించుకున్నాను కూడా. ఆ తర్వాత చెప్పాడు వెధవ."

జెలీ తొట్టెలోంచే నవ్వింది. ఉర్బేన్‌కి ఊపు వచ్చింది. "అది సరే గానీ ఒరేయ్ సిప్రియన్, జెలీ వైన్‌ని కొట్టిపారేశారట కదా మీరు?"

సిప్రియన్ రంపం ఆగింది. "ఎవరు చెప్పారు?"

"ఉత్తరమొచ్చింది. మూడు పీపాలు! పేరు లేదు పొమ్మన్నారు."

"నోరు మూసుకుని కొయ్యి ఉర్బేన్," అంది జెలీ. "తుంపర్లన్నీ చేప మీద పడుతున్నాయి."

ఆమె గట్టు మీదకి ఎక్కింది. తడి చేతులు తుడుచుకుని, ముందుగుడ్డ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి సిప్రియన్‌కి ఇచ్చింది. ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు ఆ ఇవ్వడంలో. వాతావరణం గురించి పేపర్లో వచ్చింది చూడండన్నట్టు ఇచ్చింది. టైపు కొట్టిన కాగితం. పైన నెంబరు తొమ్మిది. కింద కారణం అన్నచోట మూడు వాక్యాలు. అవి టైపులో చూస్తే సిప్రియన్‌కి ఎవరో పరాయివాడు రాసినట్టున్నాయి.

"రాసినాయన నోరు మంచిదే," అంది జెలీ. "పులుపే, కాదనను. మొరటే. మా ఆయన ఎమిల్ ఉన్నన్నాళ్ళూ అలాగే ఉండాలనేవాడు. ఎనిమిది గంటలు గనిలో బొగ్గు మింగి పైకి వచ్చినోడికి పట్టులాంటి వైన్ ఎందుకు అనేవాడు. గొంతు కడగాలి అనేవాడు. నేనూ ఆయన చేసినట్టే చేస్తున్నా."

"మరి ఇబ్బందేముంది?" అన్నాడు ఉర్బేన్.

"మూడో మాట దగ్గర ఆగిపోయాను." ఆమె తొట్టె అంచున ఉన్న చేప పొలుసుని గోటితో గీకింది. "ఈ లోయ పేరుకు తగదట. ఆ గుట్ట మీద మెట్లకి రాళ్ళు మోసింది మా అత్తగారి తాత. ఆ మట్టి, ఆ తీగ, ఆ గుట్ట... అది లోయ కాకపోతే మరి ఏమనాలో నాకు తెలీలా."

సిప్రియన్ కాగితాన్ని పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచాడు. రుచి చూసినవాళ్ళు ఎవరేం రాశారో బయట చెప్పకూడదు, అది నియమం. నియమం అక్కరకొచ్చినందుకు ఆయనకి సిగ్గేసింది.

"ఇంకో అవకాశం ఉంది కదా," అన్నాడు.

"ఉంది. సోమవారం మళ్ళీ సీసా పంపాలి. ఈసారీ కాదంటే సారా బట్టీకే. ఆ మోరెల్ అమ్మాయి మంచిది, ఫోన్ చేసింది. పదో వంతు మెర్లో ద్రాక్ష వైన్ కలిపితే మెత్తబడి దాటుతుందట. మీ దగ్గర మెర్లో ఉంది అడగమంది."

"కావాలంటే పట్టుకెళ్ళు."

"చూస్తాను," అంది జెలీ. మళ్ళీ తొట్టెలోకి దిగింది.

సిప్రియన్ రంపం రెండుసార్లు చేపలో ఇరుక్కుంది. ఉర్బేన్ చూసి, "ముసలాడివైపోయావురా," అన్నాడు. సిప్రియన్ తిరిగి తిట్టలేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర పెళ్ళాం ఒనొరిన్ ఆయన్ని కాసేపు చూసి, "నోట్లో పుండేమైనా లేచిందా?" అని అడిగింది.

"లేదు."

"మరి నాలుకెందుకు అలా తిప్పుతున్నావు, గడ్డి లేని ఎద్దులా?"

ఆయన లేచి నేలమాళిగలోకి పోయాడు. తన వైన్ ఉన్న కొత్త ఓక్ పీపాల్లో మూడోదాని బిరడా తీసి, గాజు గొట్టంతో కొంచెం లాగి గ్లాసులో వదిలాడు. నాలుగేళ్ళుగా ఇలాగే చేస్తున్నాడు. కొంచెం మెర్లో, కొత్త చెక్క, ఏడాది విశ్రాంతి. నోట్లో పోసుకున్నాడు. మెత్తగా ఉంది. గుండ్రంగా ఉంది. వెనకాల వెనీలా వాసన. దీనికే కదా నిరుడు పతకం వచ్చింది. బాగుంది అనుకున్నాడు. రెండో గుక్క తాగాలనిపించలేదు. దాహంగా లేదు కాబోలనుకుని గ్లాసు కడిగి బోర్లించాడు.

*

ఆదివారం ఊరి హాల్లో బల్లలు వేశారు. ఇరవై మూడు ఇళ్ళు, ఇరవై మూడు కూజాలు. అన్నీ ఒకే కుమ్మరి చేసిన బూడిదరంగు కూజాలు. ఒకే ఎత్తు, ఒకే పిడి. అడుగున మాత్రం ఎవరింటి గుర్తు వాళ్ళకి చెక్కి ఉంటుంది. వేసాద్ వాళ్ళది తీగ కత్తిరించే కత్తి. బెస్సియేర్ వాళ్ళది గని దీపం. కూజా నిండుగా ఉండగా అడుగు చూడడానికి లేదు. తాగి ఖాళీ చేసి బోర్లిస్తేనే తెలుస్తుంది. ఎవరి కూజా ఎక్కడుందో తెలియకుండా తాగి, ఏది తనదో చెప్పాలి పెద్దవాళ్ళు. తప్పు చెప్పినవాడు ఆ ఏడు కూజాలన్నీ కడగాలి.

పంతొమ్మిదేళ్ళుగా సిప్రియన్ ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఆయన చేతులు ఆ సబ్బునీళ్ళలో ఎన్నడూ మునగలేదు.

రాగి గంగాళం పొయ్యి మీదే ఉంది. ఉడికిన బంగాళాదుంపల్ని జెలీ చెక్క రోకలితో మెదిపింది. ముళ్ళు ఏరిన చేపని అందులో పోసి కలిపింది. చేప పోగులు పోగులుగా విడిపోయి దుంపలో కలిసిపోయింది. పచ్చి గుడ్లు కొట్టి పోసింది, ఉడికిన గుడ్లు చక్రాలుగా కోసి పరిచింది, వెల్లుల్లి, కొత్తిమీరలాంటి ఆకు చల్లింది. చివరికి పక్క పొయ్యి మీద పొగ రాబోతున్న అక్రోటు నూనెని గరిటెతో ఎత్తి పైనుంచి పోసింది. చుయ్యిమన్న చప్పుడుకి హాల్లో మాటలు ఆగిపోయాయి. ఆ చప్పుడు కోసమే సగంమంది వస్తారు.

పళ్ళేలు వచ్చాయి. నూనె పసుపుగా అంచుల్లో చేరింది. మొదటి ముద్దకే సిప్రియన్ నోరంతా నూనె పట్టింది. చేప ఉప్పు, అక్రోటు చేదు, గుడ్డు చిక్కదనం. కుడిచేతి పక్కన మూడు కూజాలున్నాయి. మొదటిది వంచాడు. వైన్ నూనె మీద నుంచి జారి పోయింది, గడప ఎక్కకుండానే వెళ్ళిపోయిన చుట్టంలా.

"ఇది లోరాన్ వాళ్ళది," అన్నాడు. "సెప్టెంబరు వానలో కోసుకున్నారు."

దూరంగా లోరాన్ చెయ్యెత్తి ఒప్పుకున్నాడు. హాలు నవ్వింది.

రెండోది వంచాడు. తాగి, ముఖం కాస్త చిట్లించాడు. నూనె మీద ఇంకో నూనెలా పరుచుకుంది. చెక్క వాసన చేపతో పోట్లాడి, వెనీలా తీపి వెల్లుల్లి మీద అంటుకుపోయింది.

"ఎవరిదో పాపం, పట్నం పోయి బూట్లు కొనుక్కుని వచ్చింది," అన్నాడు. "మన బురదలో నడవలేకపోతోంది."

"ఎవరిది మావా?" అన్నారెవరో.

"చెప్పి పరువు తీయను. తరవాత బోర్లించండి."

అందరూ నవ్వారు. ఆయన ఇంకో రెండు ముద్దలు తిని మూడో కూజా అందుకున్నాడు.

పులుపు నూనెని నిలువునా కోసింది. వగరు వచ్చి చేప ఉప్పుని పట్టుకుని ఈడ్చుకుపోయింది. ఇనుము వాసన, తడి ఎర్రమట్టి వాసన, ఆ వెనకే నల్లని చిన్న పండు. మింగాక నోరు తోమిన పళ్ళెంలా మిగిలింది. ఆకలి వేసింది. ఒక ముద్ద తిన్నాడు, మళ్ళీ తాగాడు. మళ్ళీ ముద్ద, మళ్ళీ గుక్క. తన చిన్నప్పుడు నాన్న గుట్ట మీద బుట్ట దించి, చొక్కా చేతితో నుదురు తుడుచుకుని, రాతి నీడన దాచిన సీసా అందించేవాడు. ఆ సీసాలో ఉండేది ఇదే. అడగకుండానే సిప్రియన్ చెయ్యి మూడోసారి కూజా మీదకి పోయింది.

"ఇదీ!" అన్నాడు. గొంతు తను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "ఇదీ మన లోయంటే. తాగండ్రా. మన వైన్ ఎలా ఉండాలని ఎవడైనా అడిగితే ఇది పొయ్యండి, మాటలొద్దు. ఇది నాది."

"ఖాయమేనా?" అన్నాడు ఉర్బేన్.

"నా తీగల మీద ఒట్టు."

కూజా బల్ల చుట్టూ తిరిగింది. తాగినవాళ్ళు తలూపారు. ఒనొరిన్ తాగి మొగుడివైపు వింతగా చూసింది. చివరి చుక్క ఉర్బేన్ గ్లాసులో పడింది. అతను కూజాని తలకిందులు చేసి అందరికీ కనబడేలా ఎత్తాడు.

గని దీపం.

బల్ల చివరివాళ్ళు లేచి నిలబడి చూశారు. తరవాత హాలు పైకప్పు ఎగిరేలా నవ్వింది. ఉర్బేన్‌కి అది చాల్లేదు. రెండో కూజాలో మిగిలినదాన్ని పక్కనున్న గిన్నెలోకి ఒంపి, దాన్నీ బోర్లించాడు. కత్తి గుర్తు చూడగానే అతనికి నవ్వు ఆగక పొరపోయింది. "బూట్లు! కొత్త బూట్లు!" అని బల్ల గుద్దుతూ దగ్గుతున్నాడు.

సిప్రియన్ చెవులు వేడెక్కాయి. తన నాలుక రెండుసార్లు తప్పిందని ఊరు నవ్వుతోంది. ఊరికి తెలియనిది ఇంకొకటుంది. ఆ నాలుక తప్పిన మూడోసారి సంగతి ఆయన ఒక్కడికే తెలుసు. ఇదే వైన్. ఇదే ఇనుము, ఇదే పులుపు. మంగళవారం రంపపు పొట్టులో ఉమ్మింది దీన్నే.

ఆయన గంగాళం వైపు చూశాడు. జెలీ ఇంకా నిలబడే ఉంది. వంట మనిషి చివరనే తినాలి కాబట్టి ఆమె పళ్ళెం ఇంకా ఖాళీ. ఆమె నవ్వడం లేదు. గరిటె అంచున వేలాడుతున్న నూనెబొట్టుని రొట్టె ముక్కతో తుడిచి నోట్లో వేసుకుంది.

సిప్రియన్ లేచాడు. ఏదో ఒక ఎత్తిపొడుపుతో తప్పించుకుంటాడని అందరూ ఎదురుచూశారు. ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించి, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు.

"కూజాలు తెండి," అన్నాడు.

*

హాలు వెనక కుళాయి దగ్గర పదిహేడు కూజాలు కడగడం అయింది. సిప్రియన్ కడుగుతుంటే జెలీ తుడిచి బోర్లిస్తోంది. కూజా మెడలోకి ఆయన పిడికిలి దూరదు. రెండు వేళ్ళకి గుడ్డ చుట్టి తిప్పుతున్నాడు. చేతకాని పని.

"పుల్ల ఉంది అక్కడ," అంది జెలీ. "గుడ్డని పుల్లకి చుట్టాలి."

ఆయన పుల్ల అందుకున్నాడు. పద్దెనిమిదో కూజా కడిగాడు.

"తొమ్మిదో నెంబరు కాగితం నేనే రాశాను," అన్నాడు నీళ్ళలోకి చూస్తూ.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఉత్తరం విప్పినప్పట్నుంచి. ఇంకెవరైనా అయితే 'సమతూకం లోపించింది' అని రాస్తారు, 'నిర్మాణం' అని రాస్తారు. మొరటు అని రాసే మనిషి ఈ లోయలో మీరొక్కరే."

సిప్రియన్ కూజా ఎత్తి వెలుగులో లోపలికి చూశాడు. "మరి చాకిరేవు దగ్గర ఒక్క మాట అనలేదు."

"ఏమనాలి? మీ నోటికి అలా అనిపించింది, అలా రాశారు. అబద్ధం రాయలేదు." ఆమె గుడ్డ పిండి దులిపింది. "ఖాళీ కడుపుతో పొద్దున్నే పద్నాలుగు వైన్లు తాగి ఉమ్మితే నా వైన్ అలాగే ఉంటుంది. దాన్ని ఉమ్మడానికి చెయ్యలేదు."

"ఆ కూజాని నా చేతి పక్కన పెట్టింది నువ్వేనా?"

"కూజాలన్నీ ఒకేలా ఉంటాయి, వేసాద్ గారూ. నాకేం తెలుస్తుంది?" అంది జెలీ. ఈసారి నవ్వింది, కొంచెం.

ఇరవై మూడోది తన కూజా. కత్తి గుర్తు ఉన్నది. సిప్రియన్ దాన్ని ఎక్కువసేపు కడిగాడు.

"రేపు సీసా నింపేటప్పుడు," అన్నాడు, "మా మెర్లో కోసం రాకు. ఇవ్వను."

జెలీ చెయ్యి ఆగింది. "ఇస్తానన్నారుగా?"

"అన్నాను. ఇప్పుడు ఇవ్వనంటున్నా. ఉన్నదున్నట్టు పంపు. చుక్క కలిపావంటే నేనే వచ్చి పీపా తన్నేస్తా."

"మళ్ళీ కాదంటే? మూడు పీపాలు బట్టీకి పోతాయి. ఏడాది కష్టం. మీకేం, చెప్తారు."

సిప్రియన్ పుల్లని కుళాయి గట్టు మీద పెట్టాడు. లోపల కుర్చీకి తగిలించిన కోటు తెచ్చుకుని వేసుకున్నాడు. "ఆ చేప మిగిలిందా?" అని అడిగాడు.

"అడుగున ఉంది."

"ఉంచు. మంగళవారం పొద్దున్నే వచ్చి పట్టుకెళ్తా."

*

మంగళవారం చేతుల్లో మూత బిగించిన గిన్నె, చంకలో రెండు పెద్ద రొట్టెలతో సిప్రియన్ ఆ గదిలో అడుగుపెట్టాడు. బల్ల మీద ఏడు సీసాలే ఉన్నాయి. రెండోసారి వచ్చినవీ, ఆలస్యంగా వచ్చినవీ. ఆయన తన కుర్చీలో కూర్చోలేదు. గిన్నె బల్ల మీద పెట్టి, కత్తి తీసి, రొట్టె కోయడం మొదలెట్టాడు.

"ఏమిటిది వేసాద్ గారూ?" అంది మోరెల్.

"రొట్టె. నియమాల పుస్తకంలో ఉంది. రుచికీ రుచికీ మధ్య రొట్టె తినొచ్చని."

"రొట్టె అని ఉంది. దాని మీద చేప అని లేదు."

"చేప ఉండకూడదని ఉందా? చదవమ్మా. నేను ఆగుతా."

ఆమె నిజంగానే పుస్తకం తీసింది. రెండు పేజీలు తిప్పింది. ఒక ముసలి సభ్యుడు ఆ లోపలే గిన్నె మూత ఎత్తి వాసన చూశాడు. గదిలో అక్రోటు నూనె వాసన నిండింది. మోరెల్ పుస్తకం మూసింది.

"అన్ని నెంబర్లకీ ఇదే," అన్నాడు సిప్రియన్. "ఎవరికీ ఎక్కువా తక్కువా లేదు. మన వైన్ ఎవరు తాగినా దీంతోనే తాగారు. మనమే వైన్‌ని ఒక్కదాన్నీ తీసుకొచ్చి తెల్లగోడల మధ్య నిలబెట్టి ప్రశ్నలడుగుతున్నాం."

"మీరు కూర్చోండి మరి."

"నేను కూర్చోను. ఆ ఏడింటిలో ఒకటి ఎవరిదో వాసన చూస్తే నాకు తెలిసిపోతుంది. తెలిసినవాడు తీర్పు చెప్పకూడదు." పెన్సిల్ తీసి చూసుకుని, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "పోయినసారి తెలియకుండా చెప్పాను. అదీ బాగాలేదు."

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. తలుపు మూసుకుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా గోడ గడియారాన్ని చూస్తున్నాడు. లోపల గ్లాసులు తగిలిన చప్పుడు. కుర్చీ జరిపిన చప్పుడు. ఎవరో ఏదో అన్నారు. చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దంలోనే ఆయన ఒక సంగతి గమనించాడు. మొదట్లో వినిపించిన ఉమ్మే చప్పుడు ఇప్పుడు వినిపించడం లేదు.

తలుపు తెరుచుకుంది. మోరెల్ ఖాళీ పళ్ళెంతో నిలబడింది. ఆమె పెదవులు ఊదారంగుగా ఉన్నాయి.

"వేసాద్ గారూ," అంది. "ఆ రొట్టె ఇంకా ఉందా?"

*

జెలీ తోటకి నూట నలభై మెట్లు. బుధవారం పొద్దున సిప్రియన్ అవన్నీ ఎక్కాడు. పైన మెట్టు మీద ఆమె తీగలు కడుతోంది. నడుముకి నానబెట్టిన విల్లో చెట్టు బెత్తాల కట్ట వేలాడుతోంది. ఒక బెత్తం లాగి, కొమ్మని వంచి, ఇనపతీగ చుట్టూ రెండు మెలికలు తిప్పి, కొసని లోపలికి దోపుతోంది. ఒక్కో ముడికి మూడు ఊపిరులు. కింద లోయంతా ఎర్రగా తడిసి ఉంది. మొగ్గలు ఇంకా విచ్చుకోలేదు.

ఆమె ఆయన్ని చూసింది. చేతిలో పని ఆపలేదు.

"దాటింది," అన్నాడు సిప్రియన్ ఊపిరి అందుకుంటూ. "నలుగురికి నలుగురూ."

"ఏమీ కలపలేదు నేను."

"తెలుసు. ఒకాయన రాసిన కాగితం చూశాను. 'మొరటు' అనే రాశాడు. కింద 'ఇంకో ముక్క కావాలి' అని రాశాడు."

జెలీ ముడి పూర్తి చేసింది. తరవాతి కొమ్మ దగ్గరకి జరిగింది. దాన్ని వంచి పట్టుకుంది.

"లోయ పేరు ఉంటుందా కాగితంలో?"

"పెద్దక్షరాల్లో."

ఆమె తలూపింది. కొమ్మని కట్టింది. ఈ ముడి కొంచెం ఎక్కువ బిగించింది, మళ్ళీ వదులు చేసింది.

సిప్రియన్ కూడా కట్టలోంచి ఒక బెత్తం లాగి పక్క తీగ కట్టడం మొదలెట్టాడు. ఈ పని ఆయన చేతులకి తెలుసు. ఇద్దరూ ఒక వరుస అలా నడిచారు. వరుస చివర ఆయన నడుం నిటారు చేసి, "నేనింక ఆ కుర్చీలో కూర్చోను," అన్నాడు. "నీ పేరు చెప్పి వచ్చాను."

"నా పేరా? నాకెక్కడ తీరుతుంది? తీగలు కట్టడం, తవ్వడం..."

"ఏడాదికి ఆరు మంగళవారాలు. నీ సీసా వచ్చిన రోజు బయట బెంచీ మీద కూర్చుంటావు. మంచి బెంచీయే, నేను చూశాను."

"వాళ్ళంతా చదువుకున్నవాళ్ళు. నేను రాస్తే 'ఉప్పు చాల్లేదు' అని రాస్తాను."

"అలాగే రాయి. అదే కావాలి."

జెలీ లోయ వైపు చూసింది. ఎదుటి గుట్ట మీద ఉర్బేన్ తన తోటలో చిన్న నల్లచుక్కలా కదులుతున్నాడు.

"ఉమ్మాలా?" అంది.

"ఉమ్మాలి."

"బాగుంటే?"

"ఎవరూ చూడకుండా మింగు. అందరం అదే చేస్తాం."

ఆమె నడుం కట్టలో బెత్తాలు లెక్క చూసుకుంటున్నట్టు తడిమింది. తరవాతి వరుసలో మొదటి తీగ పట్టుకుంది.

"పెన్సిల్ వాళ్ళిస్తారా," అని అడిగింది, "మనమే తెచ్చుకోవాలా?"

సిప్రియన్ కోటు జేబులో చెయ్యి పెట్టాడు. బొటనవేలంత పెన్సిల్ అరచేతిలో పెట్టి చాపాడు. జెలీ తీసుకుని అటూ ఇటూ తిప్పి పంటిగాట్లు చూసింది. కత్తి తెరిచి, గాట్లున్న కొసని ఒక్క కోతలో తీసేసింది. మిగిలిన ముక్కని చెవి వెనక దోపుకుని, కట్టలోంచి ఇంకో బెత్తం లాగింది.